నెత్తురు కాలువకు గండి

కిడ్నీలు పాడైతే డయాలిసిస్ చేస్తారన్నంత వరకు మనలో అందరికీ తెలుసు. మా శ్రీకాకుళం జిల్లా వాళ్ళకయితే మరీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో, అనగా ఉద్దానం అని పిలిచే కొబ్బరితోటల, జీడితోటల సీమలో, ఈ మాట వినపడని ఊరు తక్కువ. అక్కడ ఆ జబ్బు అంతమందికి ఎందుకు వస్తోందో, నీళ్ళ వల్లనా, ఎండలో చెమటోడ్చడం వల్లనా, మరొకటా, ఇదీ కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుకు కారణం గురించి రాసే తాహతు నాకు లేదు. నేను రాయబోయేది అంతకంటె చిన్న సంగతి. డయాలిసిస్ యంత్రం దాకా నెత్తురు ఏ దారిన వెళ్తుంది, ఏ దారిన తిరిగి వస్తుంది అన్నది మాత్రమే. చిన్న సంగతే గాని ఆ దారి మూసుకుపోయిన రోజున యంత్రం ఎంత గొప్పదయినా దండగ.

ఫిజిక్సు క్లాసులో పాయిజాయ్ సూత్రం నేను రెండుసార్లు చదివి, పరీక్షలో ఒకసారి రాసి, మరచిపోయాను. దాని అర్థం మా మేనమామ ఎడమచేయి పట్టుకున్న రోజున తెలిసింది.

ముందు లెక్క చూద్దాం. మనిషి ఒంట్లో ఉండే నెత్తురు సుమారు 5 లీటర్లు. డయాలిసిస్‌లో దాన్ని బయటికి తీసి, వెంట్రుకంత సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉన్న ఒక స్తంభం లాంటి దానిలోంచి పంపి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆ గొట్టాల గోడలకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. లోపల నెత్తురు ఒకవైపుకు, బయట మందునీరు దానికి ఎదురుగా పారుతుంటే మలినాలు నెత్తుట్లోంచి నీళ్ళలోకి జారిపోతాయి. పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్లు లాగుతుందనుకుంటే, 4 గంటలలో 72 లీటర్లు అవుతుంది. అంటే ఒంట్లో ఉన్న నెత్తురంతా సుమారు పద్నాలుగుసార్లు బయటికెళ్ళి వస్తుంది. పంపు నిమిషానికి 100 మాత్రమే లాగితే శుద్ధి కూడా ఆ మేరకు తగ్గిపోతుంది, రోగి కుర్చీలో కూర్చున్న 4 గంటలూ చాలావరకు వృథా.

మరి నిమిషానికి 300 మిల్లీలీటర్లు ఎక్కడ దొరుకుతుంది? సెలైన్ పెట్టే ముంజేతి సిరలో దొరకదు. మామూలుగా ఆ సిరలో పారేది అందులో చిన్న భాగం. ఉన్న ఊటకంటె ఎక్కువ లాగితే ఏమవుతుందో బోరుబావి ఉన్న ప్రతి రైతుకూ తెలుసు. మోటారు గాలి లాగుతుంది. సిర అయితే గోడలు రెండూ అంటుకుపోయి సూది మొన మూసుకుంటుంది. పోనీ ధమనిలో సూది గుచ్చుదామంటే, అక్కడ వత్తిడి ఉంది గాని ధమని లోతున ఉంటుంది, సన్నగా ఉంటుంది, గుచ్చితే నొప్పి, తీస్తే నెత్తురు ఓపట్టాన ఆగదు. అది ఒకసారికి పనికొచ్చే దారే గాని వారానికి మూడుసార్లు, ఏళ్ళ తరబడి నడిచే దారి కాదు. సూదులేమో ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు లావు. ఒకటి తీయడానికి, ఒకటి ఎక్కించడానికి. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 312 గుచ్చులు. ఆ గుచ్చులన్నీ ఓర్చుకునే నాళం మన ఒంట్లో పుట్టుకతో ఏదీ లేదు. తయారు చేసుకోవాలి.

ఈ ఇబ్బంది డయాలిసిస్ పుట్టినప్పుడే పుట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, జర్మన్ల ఆక్రమణ కింద ఉన్న హాలెండులో, కాంపెన్ అనే ఊళ్ళో విల్లెం కోల్ఫ్ అనే డాక్టరు సాసేజి మాంసానికి తొడుగుగా వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి కృత్రిమ మూత్రపిండం కట్టాడు. 1943లో దాన్ని మొదటిసారి ఒక యువతి మీద వాడాడు. యంత్రం పనిచేసింది. కాని ప్రతిసారీ కొత్త నాళాన్ని కోసి గాజుగొట్టం పెట్టాలి, అయ్యాక ఆ నాళాన్ని ముడివేసెయ్యాలి. కొన్నిసార్లయ్యేసరికి కోయడానికి నాళాలు మిగలలేదు, ఆ అమ్మాయి బతకలేదు. యంత్రం ఉంది, దారి లేదు. 1945లో ఆయన చేతిలో బతికి బయటపడ్డ వృద్ధురాలికి వచ్చింది తాత్కాలికంగా కిడ్నీలు ఆగిపోయిన జబ్బు. కొన్నాళ్ళు గట్టెక్కిస్తే కిడ్నీలు మళ్ళీ పనిచేశాయి. శాశ్వతంగా పాడైనవాళ్ళకు మరో పదిహేనేళ్ళ దాకా ఆశ లేకపోయింది.

1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు ఒక ఉపాయం పన్నాడు. ముంజేతి ధమనిలో ఒక టెఫ్లాన్ గొట్టం, సిరలో ఒక టెఫ్లాన్ గొట్టం శాశ్వతంగా అమర్చి, చర్మం పైన రెండింటినీ ఒక వంపు గొట్టంతో కలిపేశాడు. డయాలిసిస్ లేనప్పుడు నెత్తురు ఆ వంపులోంచి పారుతూనే ఉంటుంది గనుక గడ్డకట్టదు. డయాలిసిస్ రోజున వంపు తీసేసి రెండు కొసలూ యంత్రానికి తగిలిస్తారు. ఆ మార్చిలో ఈ గొట్టం పెట్టించుకున్న మొదటి మనిషి క్లైడ్ షీల్డ్స్ బోయింగ్ విమానాల కంపెనీలో మెషినిస్టు. చావు అంచున ఉన్నవాడు 1971 దాకా, మరో పదకొండేళ్ళు బతికాడు. అయితే గొట్టం చర్మంలోంచి బయటికి రావడం వల్ల చీము పట్టేది, ఎంత టెఫ్లాన్ అయినా ఏదో ఒకరోజు గడ్డకట్టేది, ఊడితే నెత్తురు చిమ్మేది.

అసలు పరిష్కారం గొట్టమే లేకుండా వచ్చింది. న్యూయార్కులో బ్రాంక్సు పేటలో ఉన్న మాజీ సైనికుల ఆసుపత్రిలో సిమినో, బ్రెషియా అనే వైద్యులు, అపెల్ అనే సర్జను కలిసి, 1965లో, మణికట్టు దగ్గర ధమని పక్కకు చిన్న గాటు పెట్టి, సిర పక్కకు ఇంకో గాటు పెట్టి, రెండింటినీ అక్కడికక్కడే కలిపి కుట్టేశారు. 1966లో దీన్ని ప్రచురించారు. కొరియా యుద్ధంలో గాయాలైన సైనికుల ఒంట్లో ధమని, సిర వాటంతటవే కలిసిపోయిన సందర్భాలు అప్పటికే వైద్యులు చూసి ఉన్నారు. చాలామంది దానితో బాగానే తిరిగేవారు. గాయం చేసిన పనినే కావాలని, కొలతగా చేశారన్నమాట. దీన్నే ఏ.వి. ఫిస్టులా అంటారు. మనవాళ్ళు ఆసుపత్రిలో ఉత్త "ఫిస్టులా" అంటారు. ఇన్నేళ్ళయినా దీన్ని మించింది రాలేదు.

ఇంతకూ ఆ చిన్న కుట్టు ఏం చేస్తుంది? మా ఊరు వంశధార కాలువ శివారు. నాకు ఇది కాలువ భాషలో అయితేనే బోధపడింది, అలాగే చెబుతాను. పెద్ద కాలువలోంచి పిల్లకాలువ, అందులోంచి బోదె, బోదెలోంచి మడి. మడిలో నీరు నింపాదిగా నిలిచి, వాడగా మిగిలింది మురుగుకాలువలోకి జారుతుంది. పెద్ద కాలువ ధమని. బోదెలు సన్న ధమనులు. మడులు కేశనాళికలు. మురుగుకాలువ సిర. కాలువలో నీటిమట్టం ఎత్తు, మురుగులో పల్లం. ఈ రెండింటి మధ్య నీరు ధారగా దూకకుండా ఆపుతున్నది బోదెల ఇరుకుతనం. ఒంట్లోనూ అంతే. ధమనిలో సగటు వత్తిడి 90, 100 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటే, ముంజేతి సిరలోకి వచ్చేసరికి పదికి అటూ ఇటూ. మధ్యలో ఆ వత్తిడినంతా తినేసేది చాలావరకు సన్న ధమనులే.

ఇప్పుడు ఎవడో రాత్రికి రాత్రి వచ్చి పెద్ద కాలువ గట్టు కోసి సరాసరి మురుగుకాలువలోకి గండి కొట్టాడనుకోండి. నీరు బోదెల జోలికి పోకుండా హోరున మురుగులో పడుతుంది. లస్కరు చూస్తే కేసు రాస్తాడు. సర్జను చేసేది సరిగ్గా ఇదే. మణికట్టు దగ్గరి ధమనిలో మామూలుగా నిమిషానికి 20, 30 మిల్లీలీటర్లు పారుతుంది. కుట్టు వేసిన వెంటనే అది 200, 300కు పోతుంది. వారాలు గడిచి, ఫిస్టులా ముదిరాక 600, 800, పై చేతిలో వేసినదైతే వెయ్యి కూడా దాటుతుంది.

ఎందుకు అంత పెరుగుతుంది? ఇక్కడే పాయిజాయ్. గొట్టంలో పారే ద్రవం వ్యాసార్ధానికి కాదు, వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందని సూత్రం. గొట్టం లావు రెట్టింపయితే అదే వత్తిడికి ప్రవాహం 16 రెట్లు. 2 మిల్లీమీటర్ల సిర 6 మిల్లీమీటర్లయితే 81 రెట్లు. సిర గోడ రబ్బరులాంటిది, ప్రవాహం ఒక్క తీరున కాక గుండె కొట్టినట్టల్లా ఎగిరిపడుతుంది గనుక సూత్రం అక్షరాలా వర్తించదు. లెక్చరరుగారు మన్నించాలి. అయినా లావు పెరిగేకొద్దీ దారి ఎంత సులువవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ లావు దానంతటది వస్తుంది. నాళం లోపలి పొరలోని కణాలకు తమ మీదుగా నెత్తురు ఎంత జోరుగా రాసుకుంటూ పోతోందో తెలుస్తుందట. రాపిడి ఎక్కువైతే అవి నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తాయి. అది గోడలోని కండరాన్ని సడలిస్తుంది. నాళం సాగి వెడల్పవుతుంది, రాపిడి మళ్ళీ తగ్గుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఈ పని చేస్తుందని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇటు వత్తిడికి తట్టుకోవడానికి సిర గోడ దళసరెక్కుతుంది. మురుగుకాలువ గట్లు బలపడి పంటకాలువ అయిపోయినట్టు. దీనికి కనీసం ఆరు వారాలు పడుతుంది, ఒక్కొక్కరికి మూడు నెలలు. డాక్టర్లు గుర్తుకోసం అన్నీ ఆరులోనే చెప్పుకుంటారు. ఆరు వారాలలో, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు, చర్మానికి ఆరు మిల్లీమీటర్ల లోపు లోతు, నిమిషానికి 600 మిల్లీలీటర్ల ప్రవాహం. అలా ముదిరిన సిరలో నెత్తురు సెకనుకు మూడో వంతు మీటరు వేగంతో పారుతుంటే, అదే నెత్తురు సూదిలో దూరినప్పుడు సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకుంటుందని నేను కాగితం మీద లెక్క కట్టాను. పెన్సిలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూచున్నాను.

"కనీసం ఆరు వారాలు" అన్న మాట దగ్గరే మా మావయ్య కథ ఉంది. ఉద్దానంలో ఆయనకు కొంచెం జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు. క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసినప్పుడే విశాఖలో డాక్టరుగారు, "ఇంకో ఏడాదికి డయాలిసిస్ పడొచ్చు, ముందే ఫిస్టులా వేయించుకోండి" అన్నారు. మావయ్య విన్లేదు. "ఇప్పుడేటి, బాగానే ఉన్నాను గదా అల్లుడా. సెయ్యి కోయించుకుంటే సెట్టెలా ఎక్కడం?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. మూత్రం బాగానే అవుతున్న మనిషిని చెయ్యి కోయించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

కొన్నాళ్ళకు జ్వరం తగిలి ఒక నర్సింగ్ హోములో ఆరు రోజులు పడుకున్నాడు. సెలైన్లు, సూదిమందులు. నర్సు ఏ చేతికి పెట్టనని అడిగింది. పక్కనున్నది నేనే. "ఎడంచేతికి పెట్టండమ్మా, కుడిచేత్తో అన్నం తింటాడు" అన్నాను. చాలా తెలివైన మాట అనుకున్నాను. మణికట్టు పైన బొటనవేలి వైపు లావుగా తేలిన సిర ఉంటుంది, నర్సులకు అదంటే ఇష్టం, చక్కగా దొరుకుతుంది. ఆరు రోజులూ దానికే ఎక్కించారు. కిడ్నీ జబ్బు ఉందని కేసు కాగితం మీద రాసి ఉంది. ఆ సిర ముట్టుకోకూడదని అక్కడ ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి ఉంటే నేను చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ సిర ఎర్రబడి, తర్వాత గట్టిపడి, చర్మం కింద పురికొసలా తగిలేది.

ఆర్నెల్లు తిరక్కుండా ఆయాసంతో ఆసుపత్రిలో చేరాడు. ఫిస్టులా లేదు, ఆగే వ్యవధి లేదు. మెడ పక్కనున్న పెద్ద సిరలో పైపు పెట్టి డయాలిసిస్ చేశారు. ప్రాణం నిలిచింది. మెడ పైపు అవసరానికి దేవుడు, అలవాటుకు దయ్యం. బయటి గాలికి, లోపలి నెత్తురుకు మధ్య అది తెరిచిన తలుపు లాంటిది. సూక్ష్మక్రిములు దాని వెంటే సరాసరి గుండె దాకా పోగలవు. మావయ్యకు రెండుసార్లు డయాలిసిస్ మధ్యలో చలి, వణుకు, జ్వరం వచ్చాయి. ఒకసారి పైపు మార్చారు.

అప్పుడు ఫిస్టులా కోసం చేతికి డాప్లర్ స్కానింగు చేశారు. మణికట్టు దగ్గర ధమని బాగానే ఉంది. సిర మాత్రం ముంజేయి సగం దాకా మూసుకుపోయింది. "ఇక్కడ సెలైన్ పెట్టారా?" అని డాక్టరుగారు అడిగారు. మావయ్య నా వైపు చూడలేదు. నేను చెప్పాను. సాధారణంగా ఫిస్టులాలు కింది నుంచి మొదలుపెడతారు. మణికట్టుది పాడైతే మోచెయ్యి, అదీ పోతే రెండో చెయ్యి, ఆ తర్వాత కృత్రిమ గొట్టం. రోగి ఇంకా ఎన్నేళ్ళు బతకాలో అన్నేళ్ళకు సరిపడా ఈ మెట్లు పొదుపుగా వాడుకోవాలి. మా మావయ్యకు మొదటి మెట్టు నా చేతుల మీదుగా ఖర్చయిపోయింది. మోచేతి మడత దగ్గర వేశారు. చెయ్యికి మాత్రం మత్తిచ్చారు, మావయ్య మెలకువగానే ఉండి సర్జనుతో జీడిపిక్కల ధర మాట్లాడాడట.

ఈ వ్యాసం రాయాలనుకున్నది అందుకే. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు మొదలైందని తెలిస్తే, డయాలిసిస్ మాట ఇంకా రాకపోయినా సరే, సూది పెట్టేవాళ్ళను అరచేతి వెనక సిరలకు పెట్టమని అడగండి. ముంజేతి సిరలు, ముఖ్యంగా మామూలుగా పని చేయని చేతివి, ముట్టుకోనివ్వకండి. భుజం ఎముక కింద సిరలో పైపు పెట్టడం కూడా వీలయినంత వరకు వద్దంటారు. అక్కడ సిర కుంచించుకుపోతే ఆ చేతి ఫిస్టులాకు దిగువ దారి మూసుకుపోతుంది.

ఆపరేషనైన మర్నాడు మావయ్య చేతి మీద నా అరచేయి పెట్టించాడు. లోపల ఏదో చిన్న మోటారు తిరుగుతున్నట్టు బుర్రుమంటోంది. నాడిలా కొట్టుకుని ఆగడం కాదు, ఆగకుండా. చెవి ఆనిస్తే గండిలో నీళ్ళ హోరు. ఎత్తు నుంచి పల్లానికి జోరుగా పడే నెత్తురు సుడులు తిరిగి గోడలను కదిలించడమే ఆ బుర్రు. అది ఉన్నంత కాలం ఫిస్టులా బతికున్నట్టు. బుర్రు పోయి, దాని బదులు డప్పు కొట్టినట్టు గట్టి దెబ్బ తగులుతుంటే ముందు ఎక్కడో ఇరుకు ఏర్పడిందని అర్థం. ఇంకో పరీక్ష ఉంది. చెయ్యి తలకంటె పైకెత్తితే, బాగున్న ఫిస్టులా పల్లానికి నీరు దిగినట్టు మెత్తబడుతుంది. ఎత్తినా ఉబ్బి అలాగే ఉంటే దిగువన అడ్డు ఉంది. అడ్డు చిన్నగా ఉన్నప్పుడే కనిపెడితే లోపలికి బుడగ పంపి వెడల్పు చేస్తారు. కనిపెట్టకపోతే ఒకరోజు గడ్డకడుతుంది. బుర్రు ఆగిపోయిందని తెలిసిన రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి, రేపటికి వాయిదా వేయకూడదు. ముందు డయాలిసిస్ రోజు దాకా ఆగుదామనుకునేవాళ్ళే ఫిస్టులా పోగొట్టుకుంటారు.

గండికి నష్టాలు లేకపోలేదు. కాలువకు గండి పడితే శివారు మడులు ఎండుతాయి. ఫిస్టులా ఉన్న చేతిలో వేళ్ళు చల్లబడడం, తిమ్మిరెక్కడం అందుకే. మోచేతి దగ్గర వేసినవాటికి ఈ బెడద ఎక్కువ. మావయ్యకు డయాలిసిస్ జరిగే వేళ చిటికెనవేలు చల్లగా అవుతుంది. డాక్టరుగారు చూసి, పుండ్లు పడడం, వేలు నల్లబడడం లేదు గనుక ప్రస్తుతానికి తొడుగు వేసుకుని గమనిస్తూ ఉండమన్నారు. ఇక హెడ్ రెగ్యులేటరు మీద భారం సంగతి. నిమిషానికి 5 లీటర్లు తోసే గుండె, గండిలో పారిపోయే ఆ లీటరు కూడా అదనంగా తోయాలి. చాలామందికి గుండె సర్దుకుంటుంది. ఫిస్టులా మరీ పెద్దదై నిమిషానికి లీటరున్నర, రెండు లీటర్లు లాగుతుంటే ఆయాసం రావచ్చు, అప్పుడు గండిని కొంత పూడుస్తారు.

జాగ్రత్తలు పెద్దవేం కావు. ఆ చేతికి బీ.పీ. పట్టీ కట్టనివ్వకూడదు, రక్తపరీక్షకు ఆ చేయి ఇవ్వకూడదు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు, యూరియా బస్తా ఆ భుజానికెత్తకూడదు. సూదులు ఒకేచోట గుచ్చుతూ పోతే అక్కడ గోడ పలచబడి బుడిపెలా ఉబ్బుతుంది. అందుకని నిచ్చెన మెట్లలాగా చోటు మారుస్తూ గుచ్చాలి. గుచ్చే టెక్నీషియన్‌కు తొందరుంటే రోగే గుర్తు చెయ్యాలి. మా మావయ్య చేస్తాడు. "నిన్న గుచ్చిన కాడ కాదు బాబూ, ఇంకొంచెం పైకెల్లు" అని.

ముదరడానికి పదకొండు వారాలు పట్టింది. మెడ పైపు తీసేశారు. ఇప్పుడు కొబ్బరికాయలకు మనిషిని పెట్టుకున్నాడు గాని, జీడిపిక్కలు తనే ఏరుతున్నాడు, కుడిచేత్తో. అత్తయ్య తెల్లవారుజామున పాలు పితకడానికి లేచినప్పుడు, నిద్రలో ఉన్న ఆయన మోచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, బుర్రుమంటోందని చూసుకుని పశువుల సాలకు వెళ్తుంది.